మన రక్షకదళానికీ ముసలితనం వస్తుందా?

1945 ఆగస్టు 6వ తేదీ ఉదయం 8 గంటల 15 నిమిషాలకు జపానులోని హిరోషిమా నగరంమీద అణుబాంబు పేలిందని మీరు సాంఘికశాస్త్రంలో చదువుకున్నారు. పాఠం అక్కడితో అయిపోతుంది. మనం మాత్రం ఆ తరువాతి మూడు నాలుగు వారాలలో ఆ ఊరి ఆసుపత్రి ఒకదానిలో ఏం జరిగిందో చూద్దాం.

బాంబు పేలిన చోటికి కిలోమీటరున్నర దూరంలో తపాలా, తంతి ఉద్యోగుల ఆసుపత్రి ఉండేది. దానికి పెద్ద డాక్టరు మిచిహికో హాచియా. పేలుడులో ఆయనకే ఒళ్ళంతా గాజుపెంకులు గుచ్చుకున్నాయి. తన ఆసుపత్రిలోనే తాను రోగిగా పడుకొని, ఏ రోజు సంగతి ఆ రోజు డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ తరువాత పుస్తకంగా వచ్చింది.

గాయాలతో, కాలిన ఒంటితో వచ్చినవారిలో చాలామందికి మొదటి రోజుల్లోనే వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఊరు పాడైపోయి, మంచినీళ్ళు లేని చోట అవి జిగట విరేచనాలే అయివుంటాయని డాక్టర్లు అనుకున్నారు. అంటువ్యాధి కదా అని రోగులను విడిగా ఉంచే ఏర్పాటు కూడా చేశారు. కాని రోజులు గడిచేకొద్దీ లెక్క తప్పసాగింది. ఒంటిమీద చిన్న గాయం కూడా లేనివారు, మిగతా రోగులకు సాయం చేస్తూ తిరుగుతున్నవారు ఉన్నట్టుండి జ్వరంతో పడిపోయేవారు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివచ్చేది. చర్మంమీద ఊదారంగు చుక్కలు పొడిచేవి. నోట్లో, గొంతులో పుళ్ళు పడేవి. కొద్దిరోజులలోనే ప్రాణం పోయేది.

కారణం తెలుసుకోవాలంటే నెత్తురు పరీక్షించాలి. ఆసుపత్రిలోని సూక్ష్మదర్శినులన్నీ పేలుడులో పాడైపోయాయి. రెండు వారాల తరువాత బయటినుంచి ఒకటి వచ్చింది. ఒక్క ఘన మిల్లీమీటరు నెత్తురులో, అంటే గుండుసూది తలకాయంత చుక్కలో, మామూలుగా అయిదు వేలనుంచి పదివేల వరకు తెల్ల రక్తకణాలుంటాయి. బాగా జబ్బుపడినవారిలో అవి 500, 600 మాత్రమే కనబడ్డాయి. ఒకరిలోనైతే 200.

రోగక్రిములతో పోరాడే సైనికులే తెల్లకణాలని మీకు తెలుసు. సైన్యం పోయిన కోటలోకి శత్రువు రావడానికి ఎంతసేపు పడుతుంది?

గ్లాసెడు నీళ్ళ లెక్క

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

శరీరంలో ఇంకిన రేడియేషన్‌ను 'గ్రే' అనే ప్రమాణంతో కొలుస్తారు. కిలోగ్రాముకు ఒక జౌలు శక్తి ఇంకితే ఒక గ్రే. శరీరమంతటికీ ఒకేసారి సుమారు 4 గ్రేలు తగిలితే, సరైన వైద్యం అందనివారిలో సగంమంది రెండు నెలలలోపు చనిపోతారు. 50 కిలోల మనిషికి 4 గ్రేలంటే మొత్తం 200 జౌళ్ళు. అదే 200 జౌళ్ళను ఒక గ్లాసు నీళ్ళకు, అంటే 200 గ్రాములకు ఇస్తే నీరు ఎంత వేడెక్కుతుంది? నీటి విశిష్టోష్ణం మీకు తెలుసు కాబట్టి మీరే కట్టుకోండి. పావు డిగ్రీ కూడా రాదు! జ్వరం వచ్చినప్పుడు మన ఒళ్ళు ఇంతకన్నా ఎన్నో రెట్లు వేడెక్కుతుంది. మరి ఇంత తక్కువ శక్తి మనిషిని ఎలా చంపగలదు?

ఈ శక్తి వేడిలాగా ఒళ్ళంతా సమంగా పరుచుకోదు. గామా కిరణాలు దూసుకుపోయిన దారిలో అణువులనుంచి ఎలక్ట్రానులు ఊడిపోతాయి. నీటి అణువులు విరిగి, దేనినైనా కొరికే తునకలవుతాయి. ఆ దెబ్బ కణకేంద్రకంలో ఉన్న డి.ఎన్.ఎ. దారానికి తగిలితే అది తెగుతుంది. ఒక పోగు తెగితే కణం అతుకుపెట్టుకోగలదు. ఎదురెదురుగా రెండు పోగులూ తెగితే కష్టం. అలాంటి కణం విభజన చెందబోయినప్పుడు చచ్చిపోతుంది. అందుకే రాత్రింబవళ్ళు విభజన చెందే కణాలున్న చోట్లనే రేడియేషన్ మొదట దెబ్బతీస్తుంది. వెంట్రుకల కుదుళ్ళు, పేగుల లోపలి పొర, ఎముకలలోని మూలుగ. హాచియా రోగులకు జుట్టు ఎందుకు ఊడిందో, విరేచనాలెందుకు అయ్యాయో ఇప్పుడు మీరే చెప్పగలరు. చురుకుగా విభజన చెందే కణాలకు రేడియేషన్ ముప్పు ఎక్కువని బెర్గోనియే, ట్రిబాండో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1906లోనే చెప్పారు.

నెత్తురులోని కణాలన్నీ మూలుగలోనే పుడతాయి. మూలుగ దెబ్బతింటే కొత్తవి రావు. అప్పటికే ఉన్నవి ఆయుష్షు తీరినకొద్దీ రాలిపోతుంటాయి. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి తొందరలేదు. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల ఆయుష్షు ఎనిమిది, పది రోజులే. క్రిములను మింగే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం నెత్తురులో కొద్ది గంటలు, మహా అయితే కొద్ది రోజులు ఉంటుంది. మూలుగలో నిలవ ఉన్న సరుకుతో మరికొన్నాళ్ళు గడుస్తుంది. రెండు మూడు వారాలయ్యేసరికి నిలవ అయిపోతుంది. బాగున్నవారు మూడోవారంలో హఠాత్తుగా పడిపోవడానికి కారణం ఇదే. చర్మంమీది ఊదా చుక్కలు ప్లేట్‌లెట్లు లేక లోపల కారిన నెత్తురు.

1906 సూత్రానికి లొంగనిది మాత్రం ఒకటుంది. అదే లింఫోసైట్. ఇదీ తెల్లకణమే. చాలా లింఫోసైట్లు విభజన చెందకుండా ఊరికే తిరుగుతుంటాయి. సూత్రం ప్రకారం వాటికి ఏమీ కాకూడదు. కాని అవే అందరికన్నా ముందు, ఒకటి రెండు రోజులలోనే చచ్చిపోతాయి. డి.ఎన్.ఎ. తెగిందని తెలియగానే లింఫోసైట్ విభజన దాకా ఆగకుండా తనను తానే చంపుకుంటుంది. 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రం పేలినప్పుడు డాక్టర్లకు ఈ గుణమే పనికివచ్చింది. ఎవరికి ఎంత రేడియేషన్ తగిలిందో తెలియనప్పుడు, లింఫోసైట్లు ఎంత త్వరగా తగ్గుతున్నాయో చూసి మోతాదు అంచనా కట్టారు. అక్కడ 134 మందికి తీవ్రమైన రేడియేషన్ జబ్బు వచ్చినట్లు నిర్ధారణ అయింది. వారిలో 28 మంది మొదటి కొద్ది నెలలలోనే చనిపోయారు.

ఒక అమ్మాయి ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతిలో ఇదంతా చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, చచ్చిపోకుండా బతికినవాళ్ళ సంగతేమిటండీ? వాళ్ళకు తెల్లకణాలు మళ్ళీ వచ్చేశాయా?" అని అడిగింది. "ఆఁ, వచ్చేశాయమ్మా, కూర్చో" అన్నాను. గంట కొట్టారు, తరగతి అయిపోయింది. తరువాత ఆ విషయం వెతికి చదివితే నేను చెప్పింది సగమే నిజమని తెలిసింది. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

నిజమైన సగం ముందు. మూలుగలో అన్ని రక్తకణాలకూ తల్లి అనదగ్గ మూలకణాలు ఉంటాయి. కాసినివి మిగిలినా చాలు, నెమ్మదిగా మళ్ళీ మొత్తాన్ని నింపుతాయి. అమెరికాలోని షికాగోలో లియాన్ జాకబ్‌సన్ 1949లో దీనికి చక్కటి ప్రయోగం చేశాడు. చుంచెలుకలకు చావుకు సరిపడా ఎక్స్ కిరణాలు ఇస్తూ, కొన్నింటికి మాత్రం ప్లీహాన్ని సీసంతో కప్పాడు. ఎలుకల ప్లీహంలో కూడా రక్తకణాలు తయారవుతాయి. ప్లీహం కప్పినవాటిలో చాలావరకు బతికాయి. బయటినుంచి మూలుగ ఎక్కించినా ఎలుకలు బతుకుతాయని 1951లో తేలింది. ఈనాడు రక్తకాన్సరు రోగులకు చేసే మూలుగ మార్పిడి ఈ దారినే వచ్చింది. దానికి డానల్ థామస్ 1990లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

కాబట్టి బతికిన హిరోషిమా వాసుల నెత్తురులో ఒకటి రెండేళ్ళకు తెల్లకణాల సంఖ్య చాలావరకు మామూలుకు వచ్చింది. నేను చెప్పింది సంఖ్య విషయంలో తప్పు కాదు. కాని సంఖ్య ఒకటే చూస్తే సరిపోదు. ఆ సంగతి అర్థం కావాలంటే ఒక చిన్న గ్రంథి గురించి తెలుసుకోవాలి.

మీ వయసులోనే పెద్దది

రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన థైమస్ అనే మెత్తటి గ్రంథి ఉంటుంది. బాల్యగ్రంథి అని తెలుగు పేరు. పేరుకు తగ్గట్టే ఇది పసితనం నుంచి పెరుగుతూ వచ్చి, యుక్తవయసు వచ్చే రోజుల్లో అన్నిటికన్నా పెద్దదిగా ఉంటుంది. ఈ వ్యాసం చదువుతున్న మీ అందరికీ అది ఇప్పుడు నిండుగా ఉన్నదన్నమాట. ఇక అక్కడినుంచి తగ్గడమే. నా వయసు వారిలో దాని స్థానంలో చాలావరకు కొవ్వే ఉంటుంది.

ఇది ఎందుకున్నదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తెలియనిదానికి కథలు పుడతాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో కొందరు డాక్టర్లు, పసిపిల్లలలో థైమస్ పెద్దదిగా ఉంటే ఊపిరాడక చనిపోతారని నమ్మారు. దాన్ని చిన్నది చేయడానికి వేలాది పసిపిల్లలకు ఎక్స్ కిరణాలు ఇచ్చారు. నిజానికి ఆ పిల్లల థైమస్ మామూలుగానే ఉంది. దీర్ఘరోగాలతో, తిండి లేక చనిపోయినవారి శవాలను కోసి చూసి, వాడిపోయిన థైమస్‌నే సరైన కొలతగా పెట్టుకోవడం వల్ల వచ్చిన తప్పు అది. ఎక్స్ కిరణాలు తగిలిన ఆ పిల్లలలో తరువాతి కాలంలో థైరాయిడ్ కాన్సరు ఎక్కువగా కనబడింది. ప్రయోగశాలలో కొలతలు తీసుకునేటప్పుడు మీకు ఇది జ్ఞాపకం ఉంటే మంచిది.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువ శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల థైమస్ తీసేశాడు. అవి పెద్దవయ్యేసరికి వాటి నెత్తురులో లింఫోసైట్లు బాగా తగ్గిపోయాయి. చిన్న చిన్న రోగాలకే చచ్చిపోయాయి. ఇంకో జాతి ఎలుక చర్మం తెచ్చి అతికిస్తే, పరాయిదని తోసిపుచ్చవలసింది పోయి, అలాగే ఉంచుకున్నాయి. థైమస్ లింఫోసైట్ల బడి అని ఆ విధంగా తెలిసింది.

కఠినమైన బడి అది. మూలుగలో పుట్టిన పిల్లకణాలు ఇక్కడికి వచ్చి చేరతాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం గుర్తును పట్టుకునేలా తయారవుతుంది. వాటిలో పనికిరానివి, మన సొంత శరీరాన్నే శత్రువనుకునేవి అక్కడే నాశనమవుతాయి. నూటికి 95కి పైగా తప్పిపోతాయి. మన పదో తరగతి ఎంతో నయం! ఉత్తీర్ణమై బయటికి వచ్చేవాటినే టి-కణాలంటారు. ఇంకా ఏ శత్రువునూ చూడనివి కొత్త కణాలు. ఒకసారి పోరాడి, ఆ శత్రువును గుర్తుపెట్టుకున్నవి జ్ఞాపక కణాలు.

థైమస్ తగ్గిపోతే ఏమవుతుంది? ఒక బడిలో ఆరో తరగతిలో కొత్తవాళ్ళను చేర్చుకోవడం తగ్గించారనుకోండి. అయినా హాజరుపట్టీలో సంఖ్య తగ్గకూడదని ఒకే పిల్లవాడి పేరు మూడుసార్లు రాశారనుకోండి. ముసలితనంలో టి-కణాలకు జరిగేది ఇంచుమించు ఇదే. ఉన్న కణాలే విభజన చెంది సంఖ్యను నిలబెడతాయి. సంఖ్య ఉంటుంది, వైవిధ్యం ఉండదు. ఇంతకుముందెన్నడూ చూడని శత్రువు వస్తే గుర్తుపట్టగల కొత్త కణం దొరకడం కష్టం. 2020లో వచ్చిన కోవిడ్ ముసలివారినే ఎక్కువగా బలితీసుకోవడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

పాత జ్ఞాపకాలు మాత్రం కొన్ని గట్టివి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను ఎదిరించే ప్రతిరక్షకాలు, ఆనాడు చిన్నపిల్లలుగా ఉన్న వారి నెత్తురులో తొంభయ్యేళ్ళ తరువాత కూడా ఉన్నాయని 2008లో శాస్త్రజ్ఞులు చూపించారు. కొన్ని జ్ఞాపకాలు సడలుతాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది కదా, ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన నరాల మొదళ్ళలో దాగి ఉంటుంది. టి-కణాల కాపలా సడలినప్పుడు, యాభై అరవై ఏళ్ళ తరువాత, సర్పిగా లేస్తుంది. మా అమ్మకు డెబ్బై రెండో ఏట నడుము చుట్టూ సర్పి లేచింది. ఎవరి దృష్టి తగిలిందోనని ఆమె బాధపడింది. ఆరేళ్ళ వయసులో పోసిన ఆటలమ్మే అని నేను చెబితే నవ్వి ఊరుకుంది కాని నమ్మలేదు.

పదిహేనేళ్ళకు అటూ ఇటూ

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. హిరోషిమా, నాగసాకిలలో బాంబుల ప్రభావాన్ని పరిశీలించడానికి 1947లో అమెరికావారు ఒక సంస్థను పెట్టారు. 1950 జనాభా లెక్కల ఆధారంగా సుమారు 1,20,000 మందిని ఎంచుకొని, ఎవరు ఎంతకాలం బతికారు, ఏ జబ్బుతో పోయారు అని నమోదు చేయసాగారు. వారిలో 20,000 మందికి 1958 నుంచి రెండేళ్ళకొకసారి వైద్యపరీక్ష మొదలైంది. 1975 నుంచి జపాను, అమెరికా కలిసి ఈ పని నడుపుతున్నాయి. మొదటి సంస్థమీద అక్కడివారికి కోపం ఉండేది. మా నెత్తురు తీసుకొని పరీక్షిస్తారు గాని వైద్యం చేయరు అనేవారు. ఆ కోపం న్యాయమైనదనే నాకు తోస్తుంది. అయినా వారు దశాబ్దాల తరబడి వచ్చి చేయి చాపారు. వారు రాకపోతే మనకు ఈ సంగతులేవీ తెలిసేవి కావు.

చిక్కు ఏమిటంటే, బాంబు దెబ్బ తిన్నవారు కూడా అందరిలాగే ముసలివారవుతారు. డెబ్బయ్యేళ్ళ మనిషిలో కొత్త టి-కణాలు తక్కువగా కనబడితే అది బాంబు పనా, వయసు పనా? దీన్ని విడదీయడానికి, పేలుడు సమయంలో ఎవరు ఎక్కడున్నారు, ఎంత దూరంలో, ఇంటిలోనా బయటా, ఆ ఇల్లు ఏ రకంది అని ఒక్కొక్కరినీ అడిగి, ఎవరికెన్ని గ్రేలు తగిలాయో లెక్కగట్టారు. ఆ పైన ఒకే వయసువారిలో ఎక్కువ మోతాదు తగిలినవారిని, దాదాపు ఏమీ తగలనివారితో పోల్చారు. వయసు ఇద్దరికీ సమానం కాబట్టి తేడా ఏదైనా ఉంటే అది రేడియేషన్‌దే.

తేడా కనబడింది. ఒక పరీక్షలో ఒకరి లింఫోసైట్లను మరొకరి కణాలతో గాజుపాత్రలో కలుపుతారు. టి-కణాలు చురుకుగా ఉంటే 'ఇవి పరాయివి' అని గుర్తించి విభజన మొదలుపెడతాయి. ఎక్కువ రేడియేషన్ తగిలినవారిలో ఈ చురుకు తక్కువగా ఉన్నదని 1989లో ప్రకటించారు. నన్ను ఆపి ఆలోచింపజేసింది అందులోని మరో సంగతి. ఈ లోపం బాంబునాటికి పదిహేనేళ్ళు దాటినవారిలోనే స్పష్టంగా ఉంది. అంతకన్నా చిన్నవారిలో అంతగా లేదు. థైమస్ సంగతి జ్ఞాపకం తెచ్చుకోండి. చిన్నవారిలో బడి ఇంకా నిండుగా నడుస్తోంది, పోయిన కణాల స్థానంలో కొత్తవాటికి పాఠం చెప్పి పంపగలిగింది. పెద్దవారిలో బడి అప్పటికే మూతపడుతోంది. మూలుగ కోలుకున్నా, చదువు చెప్పేవారు లేరు. పోయిన ఖాళీలను మిగిలిన పాత కణాలే నింపాయి. శాస్త్రజ్ఞులు సూచించిన కారణం ఇదే.

తరువాతి పరీక్షలలోనూ మోతాదు ఎక్కువైనవారిలో కొత్త టి-కణాల పాలు కాస్త తక్కువగా కనబడింది. ఇంకొకటి కూడా. ముసలితనంలో ఏ గాయమూ, ఏ క్రిమీ లేకపోయినా ఒంట్లో వాపు పదార్థాలు కొంచెం ఎక్కువగా ఉంటాయి. నివురుగప్పిన నిప్పులాంటి స్థితి అది. గుండెజబ్బు వంటివాటికి ఇది తోడ్పడుతుంది. ఎక్కువ రేడియేషన్ తగిలినవారిలో ఆ పదార్థాలు తమ ఈడువారికన్నా మరికాస్త ఎక్కువగా ఉన్నాయి. అంటే వారి రక్షకదళం వారికన్నా కొన్నేళ్ళు ముందుగా ముసలిదైనట్లు కనబడుతుంది. ప్రతిరక్షకాలు తయారుచేసే బి-కణాల పనిలో మాత్రం ఇంతటి లోపం కనబడలేదు.

ఇక్కడ తొందరపడకూడదు. ఇవన్నీ వందలాది మందిని కలిపి చూసినప్పుడు తేలే సగటులు. ఒక్క మనిషి నెత్తురు చూసి 'ఇతడికి బాంబు తగిలింది' అని ఎవరూ చెప్పలేరు. తేడా పెద్దదీ కాదు. ఇది చదివి ఎక్స్‌రే తీయించుకోవడానికి భయపడేవారుంటారని కూడా చెబుతున్నాను. ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది గ్రేలో పదివేలవ వంతు, అంతకన్నా తక్కువే. డాక్టరు అవసరమని చెబితే తీయించుకోండి. ఊరికే తీయించుకోకండి.

బాంబుల బారినపడి బతికినవారిలో 2025 మార్చి నాటికి జపాను ప్రభుత్వ లెక్కల్లో 99,130 మంది మిగిలారు. వారి సగటు వయసు 86 దాటింది. 1945లో పదిహేనేళ్ళ వయసున్నవారికి ఆ ఏడు తొంభై అయిదు. వెనక బెంచీలోంచి అడిగిన అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదువుతోంది. ఈ సంచిక ఒకటి ఆమెకు పోస్టులో పంపిస్తున్నాను.